ట్రాక్టర్ తొట్టికి ఏ టైరు, ఎంత గాలి?

మూడేళ్ళ కిందట డిసెంబరులో, చిలకపాలెం నుంచి రాజాం వెళ్ళే రోడ్డు మీద మా తొట్టి కుడి టైరు పేలింది. తొట్టి నిండా ధాన్యం గోనెలు. నడుపుతున్నది మా చిన్నాన్న కొడుకు. తొట్టి ఒక పక్కకి ఒరిగిపోయి సగం సంచులు రోడ్డు పక్క కాలవలో పడ్డాయి. మనిషికి దెబ్బ తగల్లేదు. తడిసిన ధాన్యం మాత్రం మళ్ళీ ఎండబెట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆ టైరు కొని ఏడు నెలలే. అందుకే ఇంటిల్లిపాదీ ముందు ఆ టైరునే తిట్టుకున్నాం. పంచరు షాపు పెద్దాయన దాన్ని రిమ్ము నుంచి ఊడదీసి లోపలి వైపు చూపించాడు. పక్కగోడ వెంబడి చుట్టూతా వలయంలా రబ్బరు నలిగిపోయి ఉంది. వేలితో రాస్తే నల్లటి పొడి రాలింది. "గాలి తక్కువతో శానా దూరం నడిచింది బాబూ. మీరేసే బరువుకి ఈ సైజే సరిపోదు, అందులో గాలీ లేదు" అన్నాడాయన.

ఆయన చెప్పిన రెండు మాటలూ నిజమే. సైజు ఎంచుకున్నప్పుడు మేము రేటు చూశాం, బరువు చూడలేదు. గాలి కొట్టించినప్పుడు సుత్తితో కొట్టి శబ్దం విన్నాం, మీటరు పెట్టలేదు. ఆ తరవాత రెండు సీజన్లు ఈ విషయం వెంటపడి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. వంశధార, నాగావళి ఆయకట్టుల్లో సొంత తొట్టి ఉన్నవాళ్ళకి, కొత్తగా తొట్టి కొనబోతున్నవాళ్ళకి పనికొస్తుందని నా నమ్మకం.

మొదట కాటా, తరవాత టైరు షాపు

టైరు షాపుకి వెళ్ళి "తొట్టికి టైరు కావాలి" అంటే వాళ్ళు అడిగేది ఒక్కటే, సైజు. మీరు ఎంత బరువు మోస్తారో ఎవరూ అడగరు. కాబట్టి ఆ లెక్క మనమే చేసుకుని వెళ్ళాలి.

ఖాళీ తొట్టిని ఒకసారి, నిండు తొట్టిని ఒకసారి కాటా వేయించండి. ట్రాక్టర్ నుంచి కొక్కెం తప్పించి తొట్టిని మాత్రమే తూచడం కుదరకపోతే, ట్రాక్టర్‌తో కలిపి తూచి, ట్రాక్టర్ ఒక్కదాన్నే తూచి, తీసేయండి. మా తొట్టి ఖాళీగా 1,600 కేజీలు వచ్చింది. ఇనుము మందం, హైడ్రాలిక్ జాకీ, పక్క తలుపులు అన్నీ కలిపి అంత. చాలామంది వేసిన సరుకునే లెక్కేస్తారు గానీ తొట్టి సొంత బరువు మర్చిపోతారు.

సరుకు బరువు కంటితో అంచనా వేయడం కష్టం. కొనుగోలు కేంద్రానికి తోలే ధాన్యం గోనె 40 కేజీలు, అంటే 125 గోనెలకి 5 టన్నులు. ఇటుక ఒకటి దాదాపు 3 కేజీలు అనుకుంటే 1,500 ఇటుకలు నాలుగున్నర టన్నులు. అన్నిటికంటే మోసం చేసేది ఇసుక. 100 ఘనపుటడుగుల పొడి ఇసుక సుమారు నాలుగున్నర టన్నులు తూగుతుంది. అదే ఇసుక ఏటి ఒడ్డున నీళ్ళు కారుతుండగా ఎత్తితే అయిదు టన్నులు దాటిపోతుంది. తొట్టిలో ఎత్తు అదే, కంటికి తేడా తెలియదు. టైరుకి మాత్రం తెలుస్తుంది. టెక్కలి వైపు క్వారీల్లో పని ఉన్నవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. గ్రానైట్ ఒక ఘనమీటరు సుమారు 2,700 కేజీలు. తొట్టిలో మూల కూడా నిండినట్టు కనబడదు, టైరు మీద మాత్రం పూర్తి భారం పడుతుంది.

ఇక మా లెక్క చూడండి. తొట్టి 1,600, సరుకు 5,000, మొత్తం 6,600 కేజీలు.

నాలుగు చక్రాల తొట్టి అయితే ఒక్కో టైరుకి 1,650. కానీ బరువు ఎప్పుడూ సమానంగా పడదు. రోడ్డు ఒక పక్కకి వాలి ఉంటుంది, గోనెలు ఒక వైపు ఎక్కువ పేరుస్తారు, పొలం గట్టు ఎక్కేటప్పుడు ఒక మూల మీదే భారం పడుతుంది. అందుకని నేను కనీసం 15 శాతం కలుపుకుంటాను. అప్పుడు ఒక్కో టైరు 1,900 కేజీలు మోయగలగాలి.

రెండు చక్రాల తొట్టి అయితే బరువులో కొంత భాగం కొక్కెం మీదుగా ట్రాక్టర్ వెనక టైర్ల మీద పడుతుంది. సరుకు ఎలా పేర్చారన్న దాన్నిబట్టి అది మారుతుంది. 15 శాతం అలా పోయిందనుకున్నా మిగిలిన 5,610 కేజీలు రెండే టైర్ల మీద. ఒక్కోదానికి 2,805. రెండు చక్రాల తొట్టికి లారీ టైర్లు ఎందుకు వేస్తారో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఈ లెక్క వేశాక తెలిసింది.

టైరు పక్కగోడ మీద ఏం చదవాలి

సైజు అంకెల పక్కనే ఇంకో చిన్న అంకె, ఒక అక్షరం ఉంటాయి. 146/143 కె, 128/124 ఎల్, అలా. ఆ అంకె లోడ్ ఇండెక్స్. అదే కేజీలు కాదు, దానికి ఒక పట్టిక ఉంది. మనకి అవసరమయ్యే వరుస ఇది: 118 అంటే 1,320 కేజీలు, 122 అంటే 1,500, 128 అంటే 1,800, 130 అంటే 1,900, 133 అంటే 2,060, 140 అంటే 2,500, 146 అంటే 3,000. గీతకి ముందున్న అంకె ఒక పక్క ఒకే టైరు వేసినప్పటిది, తరవాతది లారీకి వెనక జంటగా వేసినప్పటిది. మన తొట్టికి మొదటిదే చూడాలి.

అక్షరం వేగానికి గుర్తు. కె అంటే గంటకి 110 కిలోమీటర్లు, ఎల్ అంటే 120. వ్యవసాయ తొట్టి టైర్ల మీద ఏ8 అని ఉంటే గంటకి 40 కిలోమీటర్ల వరకే ఆ బరువు మోయగలదని అర్థం, ఏ6 అయితే 30. ఇది చిన్న విషయం కాదు. ఏ6 టైరు వేసుకుని జాతీయ రహదారి 16 మీద ఖాళీ దొరికింది కదా అని లాగించేస్తే, మీరు కొన్నది ఆ పనికి కాదు. లారీ టైరుకి మాత్రం మన వేగం చాలా తక్కువ కాబట్టి కొంత వెసులుబాటు ఉంటుంది. ఆ వెసులుబాటుని ఇంకో పది గోనెలకి వాడుకోకండి, మన రోడ్ల గోతులకి వదిలేయండి.

ప్లై రేటింగ్ (పీఆర్) గురించి ఒక మాట. 16 పీఆర్ అంటే లోపల 16 పొరలు ఉన్నాయని కాదు. పూర్వం నూలు పొరలు వాడిన రోజుల్లో 16 పొరలకి ఉండే బలంతో సమానం అని. నైలాన్ వచ్చాక పొరల సంఖ్య తగ్గింది, గుర్తు మాత్రం అలాగే ఉండిపోయింది. ఒకే సైజులో 14 పీఆర్, 16 పీఆర్ రెండూ దొరుకుతాయి. 16 పీఆర్ టైరు ఎక్కువ గాలి పట్టుకోగలదు, అందుకే ఎక్కువ బరువు మోస్తుంది. 16 పీఆర్ కొని అందులో 14 పీఆర్‌కి సరిపడా గాలే కొట్టిస్తే డబ్బు పెట్టి కొన్న బలం మీకు అందదు. బరువు మోసేది టైరులోని గాలి. రబ్బరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి.

మా లెక్కకి తిరిగి వస్తే, 7.50-16 సైజులో (వెడల్పు 7.50 అంగుళాలు, రిమ్ము 16 అంగుళాలు) 122 రాసి ఉన్న టైరు 1,500 కేజీలే మోస్తుంది. మా పేలిపోయిన టైరు అదే. 8.25-16లో 128 ఉన్నది తీసుకున్నా 1,800, ఇంకా తక్కువే. నాలుగు చక్రాల తొట్టికి 5 టన్నులు వేసేవాళ్ళు 9.00-16 వైపు వెళ్ళడమే మంచిది, దాని మీద 130కి తగ్గని అంకె ఉందో లేదో చూసుకుని. రెండు చక్రాల తొట్టికి 9.00-20లో 140 ఉన్నది 2,500 దగ్గరే ఆగిపోతుంది. 10.00-20లో 146 ఉంటే 3,000, పైన లెక్కేసిన 2,805 అందులో ఇముడుతుంది గానీ, 15 శాతం అదనానికి చోటు మిగలదు. సైజు మార్చాలంటే రిమ్ము కూడా మార్చాల్సి రావచ్చు, టైరుకీ తొట్టి అడుగుకీ మధ్య జాగా ఉండాలి. ఇవి కొలిపించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

నైలానా, రేడియలా

షాపుల్లో నైలాన్ అని పిలిచేవి పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసినవి. రేడియల్‌లో పొరలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిన్నగా వెళ్తాయి, నేలకి తగిలే భాగం కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది.

రేడియల్ తక్కువ వేడెక్కుతుంది, నెమ్మదిగా అరుగుతుంది, డీజిల్ కాస్త మిగులుతుంది. లారీ రోజుకి మూడొందల కిలోమీటర్లు తిరుగుతుంది కాబట్టి ఈ మూడూ వాళ్ళకి డబ్బు. మన తొట్టి ఏడాదికి ఎంత తిరుగుతుంది? కోతల్లో నెలన్నర, తరవాత అడపాదడపా ఇసుక, ఎరువు, గడ్డి. టైరు అరిగేలోపే వయసైపోతుంది. పైగా రేడియల్ పక్కగోడ పలచన. గట్ల మీద రాళ్ళు, తాటి మట్టలు, నరికిన సరుగుడు మోడులు, కంకర కుప్పలు, వీటి మధ్య తిరిగే బండికి పక్కగోడ కోసుకుపోతే ఆ టైరు ఇక పనికిరాదు. నైలాన్ పక్కగోడ దళసరిగా ఉండి ఇలాంటి దెబ్బలకి ఓర్చుకుంటుంది, రేటు కూడా తక్కువ. కాబట్టి ఊళ్ళో, పొలంలో, పది పదిహేను కిలోమీటర్ల లోపు మిల్లుకి తిరిగే తొట్టికి నా ఓటు నైలాన్‌కే. రోజూ రోడ్డు మీదే కిరాయి తోలుతూ, ఇటుక బట్టీ నుంచి పట్టణానికి రెండు మూడు ట్రిప్పులు వేసేవాళ్ళకి మాత్రం రేడియల్ పెట్టుబడి తిరిగొస్తుంది.

ఒకే ఇరుసు మీద ఒక పక్క నైలాన్, ఇంకో పక్క రేడియల్ వేయకండి. రెండూ బరువు కింద వేరువేరుగా వంగుతాయి, తొట్టి ఒక వైపు లాగుతుంది. ఇంకోటి, రేడియల్ సరిపడా గాలి ఉన్నా కింద కాస్త ఉబ్బినట్టే కనిపిస్తుంది. కంటితో చూసి గాలి లేదనుకోవద్దు, మీటరు పెట్టి చూడండి.

బటన్, అంటే టైరు నేలకి తగిలే వైపు ఉండే రబ్బరు గట్ల విషయంలో సందేహం అక్కర్లేదు. తొట్టి చక్రాలని ఇంజను తిప్పదు, అవి ట్రాక్టర్ వెనక ఊరికే దొర్లుతాయి. కాబట్టి మట్టిని పట్టి లాగే లోతు బటన్ వాటికి అవసరం లేదు. నిలువు గీతలుండే రిబ్ టైరు తేలిగ్గా దొర్లుతుంది, సమానంగా అరుగుతుంది, తక్కువ వేడెక్కుతుంది. "పొలంలో దిగబడకుండా పెద్ద బటన్ కావాలి" అని చాలామంది అడుగుతారు. తొట్టి దిగబడేది బటన్ లేక కాదు, నేల మీద ఒత్తిడి ఎక్కువై. దానికి మందు వెడల్పాటి టైరు. 400/60-15.5 లాంటి వెడల్పు టైర్లు మెత్తటి నేలలో తేలుతూ పోతాయి. తుపాను వానల తరవాత బురద ఆరని మళ్ళల్లోంచి కుప్పలు తేవాల్సిన వాళ్ళకి అవి నిజంగా ఉపయోగం. రిమ్ములతో సహా మార్చాలి కాబట్టి ఖర్చు పెద్దది. నాలుగైదు ఊళ్ళకి కిరాయి తోలేవాళ్ళయితే ఆలోచించండి. సొంత అయిదెకరాలకి అయితే మడి ఆరేదాకా రెండు రోజులు ఆగడమే చవక.

కొత్తదా, రీసోలా, పాతదా

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

రీసోల్ టైరుని, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేసినదాన్ని, నేను తక్కువ చేసి చూడను. లోపలి చట్రం గట్టిగా ఉండి, బాగా పేరున్న చోట రబ్బరు వేయించిన టైరు తొట్టికి చక్కగా సరిపోతుంది. ట్రాక్టర్ ముందు చక్రానికి మాత్రం వేయొద్దు, అది పేలితే స్టీరింగ్ చేతిలో ఉండదు. రీసోల్ కొనేటప్పుడు పైన మెరిసే కొత్త రబ్బరు చూడకండి. చట్రం వయసు అడగండి, టైరు లోపల చెయ్యి పెట్టి తడమండి. నలిగిన వలయం, పెద్ద అతుకు, పక్కగోడ మీద బొబ్బ, అంచు దగ్గర తెగిన తీగ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వదిలేయండి. మీ సొంత టైరునే రీసోల్ చేయించుకుంటే ఇంకా మంచిది, దాని చరిత్ర మీకు తెలుసు. అయితే తీగలు బయటపడేదాకా నడిపి తీసుకెళ్తే వాళ్ళు కూడా ఏమీ చేయలేరు. గీతల మధ్య చిన్న గట్టులు ఉంటాయి, 1.6 మిల్లీమీటర్ల లోతుని చూపించేవి. అరుగుదల అక్కడికి రాకముందే తీయించాలి.

లారీల నుంచి తీసేసిన పాత టైర్లు తొట్టికి వేయడం మన వైపు మామూలు. చవక, సైజు పెద్దది, బటన్ ఇంకా కనిపిస్తుంది. లారీవాడు ఎందుకు తీసేశాడన్నది అసలు ప్రశ్న. అరిగి తీసేస్తే పర్వాలేదు. బటన్ ఉండగానే తీసేశాడంటే లోపల ఏదో ఉంది.

వయసు చూడటం చాలా తేలిక. పక్కగోడ మీద గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. అయిదారేళ్ళు దాటితే ప్రతి సీజను ముందూ లోపల, బయట చూపించాలి. పదేళ్ళు దాటితే బటన్ నిండుగా ఉన్నా పక్కన పెట్టేయండి. షెడ్డులో అలాగే ఉంది, వాడలేదు అన్న మాట నమ్మొద్దు. రబ్బరు వాడకపోయినా ఎండకీ గాలికీ గట్టిపడుతుంది, పక్కగోడల మీద సన్నటి పగుళ్ళు వస్తాయి. ఆ నాలుగు అంకెల్ని గీకేసిన టైరు ఎంత చవకగా వచ్చినా వద్దు.

కొత్తది కొంటే ఐఎస్ఐ గుర్తు ఉందో చూడండి. లారీ, బస్సు లాంటి వాణిజ్య వాహనాల టైర్లకి ఐఎస్ 15636 అన్న నంబరు ఉంటుంది. బిల్లు తప్పకుండా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి లారీ రకం కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత రేటు చెప్పే షాపులో ఆ మాట గుర్తు చేయండి.

రెండు రకాల టైర్లు మాత్రం ఎంత చెప్పినా వేస్తూనే ఉంటారు, అందుకే విడిగా రాస్తున్నాను. ఏడీవీ అని ముద్ర ఉన్నవి ఎడ్లబండి కోసం చేసినవి. ఎడ్లు నడిచే వేగానికి తగ్గట్టు వాటిని తయారుచేస్తారు. వాటిని ట్రాక్టర్ వెనక కట్టి రోడ్డు మీద లాగితే వేడికి పొరలు విడిపోతాయి. రెండోది కారు టైరు. పెళ్ళిళ్ళకి జనరేటరు లాగే చిన్న ట్రాలీలు, నీళ్ళ ట్యాంకులు చూడండి, చాలావాటికి పాత కారు టైర్లే. అమెరికాలో ఇళ్ళలాంటి ట్రావెల్ ట్రైలర్లు కారు వెనక కట్టుకుని తిరుగుతారు. వాటికి ఎస్టీ అని ముద్ర ఉన్న ప్రత్యేక టైర్లు అమ్ముతారు. ఎవరైనా మామూలు కారు టైరు వేస్తే, దాని మీద రాసిన బరువుని 1.1తో భాగించి ఆ తగ్గించిన బరువే లెక్కలోకి తీసుకోమంటారు. ట్రైలర్ ఊగుతుంది, మలుపుల్లో టైరుని పక్కకి ఈడుస్తుంది, కాబట్టి ఆ జాగ్రత్త. వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు అంటే నీళ్ళే ఒక టన్ను. పైగా నీళ్ళు లోపల ఊగుతాయి. చిన్న ట్రాలీ అయినా వ్యాన్లకి వేసే ఎక్కువ ప్లై టైరే వేయండి.

గాలి సంగతి

నన్నడిగితే టైరు ఎంపిక ఎంత ముఖ్యమో గాలి అంతకంటే ముఖ్యం. మంచి టైరులో తక్కువ గాలి ఉంటే అది మామూలు టైరు కంటే ముందే పోతుంది. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకీ కింద నలిగి పైన తేరుకుంటుంది. తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే ఎలా వేడెక్కి తెగుతుందో లోపలి పొరలకీ అదే జరుగుతుంది. ఉండాల్సినదాని కంటే 20 శాతం తక్కువ గాలితో నడిచిన లారీ టైరుని పంచరుతో నడిచినట్టే లెక్కేసి ఊడదీసి లోపల చూడాలంటారు. 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండాల్సిన చోట 80 ఉంటే మన కంటికి ఏ తేడా కనపడదు. సుత్తి శబ్దానికీ తెలియదు.

ఎంత కొట్టించాలి? పక్కగోడ మీద గరిష్ఠ బరువు, ఆ బరువుకి కావాల్సిన గాలి రెండూ రాసి ఉంటాయి. కొన్నిటి మీద కేపీఏ అని ఉంటుంది. దాన్ని 6.9తో భాగిస్తే పీఎస్ఐ వస్తుంది. 830 అంటే దాదాపు 120. మీ బరువు టైరు హద్దుకి దగ్గరగా ఉంటే ఆ రాసిన గాలే కొట్టించండి. బరువు బాగా తక్కువైతే కంపెనీ ఇచ్చే పట్టిక చూసి తగ్గించవచ్చు. పట్టిక లేకుండా చేతి అంచనాతో తగ్గించవద్దు. రిమ్ము మీద కూడా దాని హద్దు ఉంటుంది. పాత రిమ్ము తుప్పు పట్టి ఉంటే పూర్తి గాలికి అది తట్టుకోలేదు.

ఆ అంకె చల్లటి టైరుకి. చల్లటి టైరు అంటే కనీసం మూడు గంటలు నిలబడి ఉన్నది, ఎండ తగలనిది. అంటే తెల్లవారి బండి కదపక ముందు. మిల్లు దగ్గర దింపి వస్తూ దారిలో చూస్తే పనికిరాదు. తెల్లవారి 100 ఉన్న టైరు, నిండు బరువుతో నడిచి 40 డిగ్రీలు వేడెక్కితే 115 చూపిస్తుంది. గాలి ఎక్కువైందని అప్పుడు వదిలేస్తే మర్నాడు ఉదయానికి 85 దగ్గర ఉంటుంది. మా తమ్ముడు ఆ సీజనంతా చేసిన పని అదే, మంచే చేస్తున్నాననుకుని. వేడి టైరు నుంచి గాలి తీయకండి. ఒక టైరు మాత్రమే మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే, అందులో గాలి తక్కువో, బరువు ఎక్కువో, బేరింగు పట్టేసిందో చూడాలి. చక్రం మధ్య హబ్బు కాలుతుంటే బేరింగు, టైరు పక్కగోడ కాలుతుంటే గాలి.

కాలం మారినా గాలి మారుతుంది. మే నెలలో కొట్టించిన 100, డిసెంబరు తెల్లవారి చలికి 95కి దిగుతుంది, ట్యూబు ఏమీ కారకపోయినా. మన కోతలు సరిగ్గా ఆ చలిలోనే మొదలవుతాయి. కాబట్టి కళ్ళం నుంచి మొదటి తొట్టి కదిలే ముందు రోజు గాలి చూసుకోవడం తప్పనిసరి. సీజను నడిచినన్నాళ్ళూ వారానికి రెండు సార్లు.

సొంత మీటరు కొనుక్కోండి. కారు మీటరు చాలామటుకు 60 దాటి చూపించదు, లారీలకి వాడే 160 వరకు చూపించేది అడగండి. పంచరు షాపు కంప్రెసర్ మీద ఉన్న మీటరు రోజుకి యాభై సార్లు కింద పడుతుంది, దాని లెక్క మీద మీ బండి నడవకూడదు. వాల్వుకి క్యాపు పెట్టడం మర్చిపోకండి. కళ్ళంలో ఊక దుమ్ము వాల్వు పిన్నులోకి వెళ్తే రాత్రికి రాత్రి గాలి దిగిపోతుంది.

పొలంలో దిగబడుతోందని గాలి తగ్గించేవాళ్ళు ఉన్నారు. మడిలోంచి గట్టు దాకా అయితే నేను తప్పు పట్టను. కానీ అదే గాలితో రోడ్డెక్కితే మా చిలకపాలెం రోడ్డు కథే. గట్టు మీద గాలి కొట్టే ఏర్పాటు లేకపోతే తగ్గించడం మొదలుపెట్టవద్దు.

బిగించేటప్పుడు

కొత్త టైరుకి కొత్త ట్యూబు, కొత్త ఫ్లాపు (ట్యూబుకీ రిమ్ముకీ మధ్య వేసే రబ్బరు పట్టీ). పాత ట్యూబు సాగిపోయి ఉంటుంది, కొత్త టైరులో మడతపడి అక్కడే తెగుతుంది. ట్యూబు సైజు టైరు సైజుతో కలవాలి.

20 అంగుళాల లారీ రిమ్ములకి పక్కన ఒక ఉక్కు రింగు ఉంటుంది. గాలి కొట్టేటప్పుడు ఆ రింగు సరిగ్గా కూర్చోకపోతే తుపాకి గుండులా ఎగిరి వస్తుంది. దానివల్ల ప్రాణాలు పోయిన సంగతులు ఈ పని చేసేవాళ్ళందరికీ తెలుసు. ఇనుప బోనులో పెట్టి, లేదా గొలుసు చుట్టి, రింగు నేల వైపు ఉండేట్టు పెట్టి, పొడుగు పైపుతో దూరంగా నిలబడి గాలి కొట్టాలి. ఊడదీసే ముందు వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలాలి. దయచేసి పిల్లల్ని అక్కడ నిలబడనివ్వకండి. మీ షాపులో ఇవేవీ చేయకపోతే ఇంకో షాపుకి వెళ్ళండి. అయిదు కిలోమీటర్లు ఎక్కువైనా పర్వాలేదు.

నట్లు బిగించాక యాభై కిలోమీటర్లు నడిచిన తరవాత మళ్ళీ ఒకసారి బిగించాలి. కొత్తగా వేసిన చక్రం సర్దుకుని నట్లు వదులవుతాయి.

నేను ఏం చేశాను

మా తొట్టి నాలుగు చక్రాలది. 7.50-16 రిమ్ములు అమ్మేసి 9.00-16 నైలాన్ రిబ్ టైర్లు, 133 అంకె ఉన్నవి, నాలుగూ కొత్తవే వేయించాను. ఒకేసారి నాలుగు కొనడం కష్టమనిపించే వాళ్ళు ఒక ఇరుసుకి రెండూ కలిపి మార్చండి, ఒక్కొక్కటిగా వద్దు. స్టెప్నీకి పాతవాటిలో మంచిది వాడుకుందామనుకున్నాను గానీ సైజు కలవదు కదా, అందుకే ఒక రీసోల్ టైరు తీసుకున్నాను. నిండు తొట్టిని దారిలో జాకీ వేసి లేపడం ప్రమాదం, కింద ఒక పలక వేసి, వీలైతే సగం దించి లేపాలి. ఆ పలక కూడా ఇప్పుడు తొట్టిలోనే ఉంటుంది.

మీ సంగతి మీ పనిని బట్టి ఉంటుంది. సంకిలి మిల్లుకి చెరకు తోలేవాళ్ళకి బరువు ఎక్కువ, దూరం ఎక్కువ, వరుసలో గంటల తరబడి నిలబడటం ఎక్కువ. వాళ్ళు పాత లారీ టైర్ల జోలికి పోకూడదు, కొత్తవో, సొంత చట్రం రీసోలో వేయాలి. గడ్డి మాత్రమే తోలేవాళ్ళకి బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. బండి పక్కకి వాలకుండా రెండు పక్కలా గాలి సమానంగా ఉండటమే వాళ్ళకి ముఖ్యం, రీసోల్ సరిపోతుంది. ఉద్దానంలో కొబ్బరికాయలు తోలేవాళ్ళూ అంతే. కూలీలని తొట్టిలో ఎక్కించుకుని నాట్లకీ కోతలకీ తీసుకెళ్తారు, సిరిమానోత్సవానికి ఇంటిల్లిపాదీ ఎక్కుతారు. సరుకు తొట్టిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. ఆ రోజు మా తొట్టిలో గోనెల బదులు ఆడకూలీలు ఉండి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆటోకి డబ్బులివ్వండి.

కోతలు అయ్యాక తొట్టి నెలల తరబడి చింతచెట్టు కింద నిలబడిపోతుంది. నిలబెట్టే ముందు టైర్లకి అంటిన పేడ, ఎరువు, సముద్రం వైపు ఊళ్ళయితే ఉప్పు మట్టి కడిగేయండి. ఇరుసు కింద దుంగలో, గట్టి రాళ్ళో పెట్టి టైర్ల మీద బరువు తీసేయండి, అది కుదరకపోతే కింద చెక్క పలకలు వేసి, నెలకోసారి తొట్టిని ఒక అడుగు ముందుకి జరపండి, ఎప్పుడూ ఒకే చోట నలగకుండా. ఎండ పడే వైపు టైర్లకి పాత గోనెలు కప్పండి. మేము ఆ గోనెలు ఎగిరిపోకుండా తాటి నారతో కట్టేస్తాం. దసరాకి బండి కడిగినప్పుడు విప్పి, ఆ రోజే మీటరు పెట్టి గాలి చూస్తాం.